పాయసం వాసన వచ్చే పారిస్ సెంటు

ఈసారి ఎడిటరుగారు పంపిన ఉత్తరాల్లో మూడు సెంటు సీసాల గురించే. ఎండలు మొదలయ్యాయి కదా, అందరి ధ్యాసా ఒంటి వాసన మీద పడినట్టుంది. ముప్పై ఏళ్లు కడపలో ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ల్యాబులో సీసా మీద లేబుల్ ఊడిపోతే వాసన చూసి పేరు చెప్పమని అటెండరు నా దగ్గరికే తెచ్చేవాడు. అలా చూడటం తప్పని తెలిసి కూడా చూసేదాన్ని. ఆ ధైర్యంతోనే ఈ జవాబులు. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు ఇంకా పెద్దది.

*

ప్రశ్న: మేడం, నమస్తే. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. నలభై మూడేళ్లు. మా ఆడపడుచు దుబాయ్ నుంచి వస్తూ షాలిమార్ అనే ఖరీదైన సెంటు తెచ్చిచ్చింది. సీసా చూస్తేనే ముచ్చటేసింది. దాని గురించి ఫోన్లో చదివితే, ఇది పూసుకునే ఆడది మత్తెక్కించే మనిషనీ, ఎవరికీ అంతుచిక్కదనీ, ఎవరి మాటకీ లొంగదనీ రాసి ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఒకరోజు స్కూలుకు వేసుకుని పోతే స్టాఫ్‌రూములో అందరూ "ఏం మేడం, ఈరోజు ఏంటి విశేషం?" అని ఒకటే అడగడం. ఇంట్లో మా అత్త వాసన చూసి "ఏందిమే, పాయసం చేసినావా?" అంది. పొద్దున అయిదింటికి లేచి నాలుగు క్యారియర్లు కట్టేదాన్ని నేను. నాలో అంతుచిక్కనిదేముంది? ఈ సెంటు నాకు తగుతుందా? వాడాలా, బీరువాలో దాచాలా, ఎవరికైనా ఇచ్చేయాలా?
— ఒక టీచరు, ప్రొద్దుటూరు

జవాబు: టీచరమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన దాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

షాలిమార్‌ను పారిస్‌లోని గెర్లాన్ కంపెనీ 1925లో పెద్ద ఎగ్జిబిషన్‌లో పెట్టి జనానికి చూపించింది. తయారుచేసినాయన జాక్ గెర్లాన్. వెనిల్లా వాసనను ల్యాబులో పుట్టించడం అప్పటికే వచ్చేసింది. అందులోనూ ఇథైల్ వెనిలిన్ అని ఒక సరుకుంది, మామూలు వెనిలిన్ కన్నా రెండు మూడు రెట్లు ఘాటు. వాళ్లింటిదే 1889 నాటి పాత సెంటు ఒకటుంది, జికీ అని. ఆ సీసాలోకి జాక్ గెర్లాన్ ఇథైల్ వెనిలిన్‌ను ఒంపి చూశాడనీ, షాలిమార్ అలా పుట్టిందనీ చెబుతారు. ఒంపడం కథే అయినా అవ్వచ్చు. వెనిల్లా మాత్రం సీసాలో ఉంది, మీ అత్తగారి ముక్కుకు తగిలింది.

వెనిల్లా ఒక్కటే కాదు. అడుగున సాంబ్రాణి జాతి బంకలున్నాయి. టోంకా అనే గింజ ఉంది. దాని వాసన ఎలా ఉంటుందంటే, కొత్తగా వేసిన వామి పక్కన నిలబడితే ఎండుగడ్డి వాసన తియ్యగా వస్తుంది చూడండి, అలా. ఈ మూడూ కలిపి చూడండి: పొయ్యి మీద పాయసం, దేవుడి గదిలో సాంబ్రాణి పొగ, పెరట్లో గడ్డివామి. ఇది మన వైపు పల్లెలో పండగ పూట ఇల్లు కాదూ? పారిస్‌లో కూర్చున్నవాళ్లకు ఇవి దూరదేశపు వాసనలు. అందుకే ఇలాంటి సెంట్లకు 'తూర్పు దేశాల రకం' అని పేరు పెట్టి, ఆ పేరుకు మత్తునూ రహస్యాన్నీ తగిలించారు. వాళ్లకు అంతుచిక్కనిది మీ దేవుడి గదిలో రోజూ వెలిగేదే. మీరు చదివిన ఆ మూడు ముక్కలూ వాళ్ల ఊహలోని ఆడమనిషి గురించి. మీ గురించి ఎలా అవుతాయి?

పేరు వెనక కథ చెప్పుకుందాం, మీకు లెక్కలొచ్చు కాబట్టి. షాజహాన్, ముంతాజ్ షాలిమార్ తోటలో తిరిగేవాళ్లనీ, ఆ ప్రేమకు గుర్తుగా ఈ పేరు పెట్టారనీ కంపెనీ కథ. లాహోరులోని షాలిమార్ తోటకు షాజహాన్ పని మొదలుపెట్టించింది 1641లో. ముంతాజ్ పోయింది 1631లో, బుర్హాన్‌పూర్‌లో. తీసివేత మీరే చేయండి. కాదు కాదు, శ్రీనగర్‌లో కూడా ఒక షాలిమార్ ఉంది కదా అంటే, ఉంది. దాన్ని వేయించింది జహంగీర్, 1619లో. ప్రేమికులను ఏ తోటలో తిప్పాలో సీసా అమ్మేవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. అంతటి చరిత్రనే అలా సర్దేసినవాళ్లు, మీ మనస్తత్వాన్ని సీసా పక్కన రెండు వాక్యాల్లో సర్దలేరా?

ఇంకో సంగతి. షాలిమార్ వచ్చిన కొత్తల్లో, మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు చేయకూడని పనులు మూడని ఒక మాట తిరిగేదట: సిగరెట్ కాల్చడం, టాంగో ఆడటం, షాలిమార్ పూసుకోవడం. అంత చెడ్డపేరు! ఇప్పుడు అదే వాసన చూసి అక్కడి కుర్రపిల్లలు "మా అవ్వ సెంటు" అంటున్నారు. నూరేళ్లలో సరుకులో చిన్నచిన్న మార్పులు జరిగాయి గానీ వాసన తీరు అదే. చెడ్డపిల్ల సెంటు కాస్తా అవ్వ సెంటయింది, ప్రొద్దుటూరికి వచ్చి పాయసమైంది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. పాత పారిస్ సెంట్లలో, షాలిమార్‌లోనూ, పునుగు పడేది. పునుగుపిల్లి జాతి జంతువు ఒంటి నుంచి తీసే జిడ్డు అది. ఇప్పుడు చాలావరకు ల్యాబులో చేసినదే వాడుతున్నారు. ఆ పునుగు వల్లే సెంటుకు ఒక రకమైన ఒంటి వెచ్చదనం, కైపు వస్తాయని వాళ్లంటారు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పూసేదీ పునుగు తైలమే. దేవుని కడప గడప దాటి కొండకు పోయే ఊరివాళ్లం, మనకు ఆ వాసన పేరు చెబితే చేతులు జోడించాలనిపిస్తుంది. అక్కడ కైపు, ఇక్కడ భక్తి. ముక్కులోకి పోయేది మాత్రం ఒకటే జాతి సరుకు.

సరే, ఇదంతా మాటలు. మీ జవాబు కోసం నేనే వేసుకుని చూశాను. మా మేనకోడలి దగ్గర ఇదే సీసా ఉంటే మొన్న ఆదివారం అడిగి తెచ్చుకున్నాను. స్నానం చేసి, ఎడమ మణికట్టు మీద ఒక్క స్ప్రే. టైము పదీ అయిదు. మొదటి పది నిమిషాలు నిమ్మజాతి పులుపు, గట్టిగా, ముక్కు ఎగబీల్చేలా. అది బెర్గమాట్ అనే పండు తొక్క నూనె, ఇటలీ దక్షిణాన పండుతుంది. ఆ పులుపు వెనక కాలిన తోలు లాంటి వాసన ఒకటి వచ్చి భయపెట్టింది, నిజం చెబుతున్నా. ఇక్కడే చాలామంది సీసాకు మూత పెట్టేస్తారు. నేను వంటింట్లోకి పోయి ఉగ్గాని తాలింపు వేశాను. పోపు వాసనలో సెంటు కనబడకుండా పోయింది. పదకొండున్నరకు చెయ్యి ముక్కు దగ్గర పెడితే పులుపు లేదు, తోలు లేదు, మెత్తగా పౌడరు డబ్బా వాసన. మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, చెమట పట్టింది. అప్పుడు పైకి లేచింది చూడండి వెనిల్లా, సాంబ్రాణి! పక్కింటి పాప వచ్చి "అమ్మమ్మా, కేకు తెచ్చినావా?" అంది. సాయంత్రానికి చేతి మీద దాదాపు లేదు. నూలుచీర కొంగుకు తగిలిన చోట మాత్రం మర్నాడు కూడా ఉంది.

ఎందుకలా అంటే, సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే. అది ఆవిరవుతూ ముందు తేలిక వాసనల్ని లేపుకుపోతుంది, బరువైనవి అడుగున మిగులుతాయి. వేడి పెరిగితే పని తొందరగా జరుగుతుంది, ఘాటుగా జరుగుతుంది. చల్లటి ఊళ్లో నెమ్మదిగా విప్పుకోవాల్సిన మూట నలభై డిగ్రీల్లో ఒక్కసారి ఊడిపోతుంది. అందుకే మీ స్టాఫ్‌రూములో అంత గోల. మీరు రెండు మూడుసార్లు కొట్టుకుని ఉంటారు, అవునా? మనకు కాసేపటికి ముక్కు మొద్దుబారి మన సెంటు మనకే తెలియదు. తెలియడం లేదని ఇంకోసారి కొడతాం. పక్కవాళ్లకు మాత్రం మొత్తం తెలుస్తుంది.

కాబట్టి ఎవరికీ ఇవ్వొద్దు, వాడండి. కానీ స్కూలుకు కాదు. క్లాసులో యాభై మంది పిల్లలు, అందులో ఒకరిద్దరికి ఆయాసం ఉండొచ్చు, కిటికీలు రెండే. సాయంత్రం వేసుకోండి, పెళ్లిళ్లకు వేసుకోండి, ఆదివారం ఊరికే ఇంట్లో వేసుకోండి. ఒక్క స్ప్రే. ఒక స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటరు పోతుంది, యాభై మిల్లీలీటర్ల సీసాలో ఎన్నొస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చర్మం పొడిబారి ఉంటే వాసన నిలవదు, ముందు కొంచెం వాజిలిన్ రాసుకోండి. మణికట్లు రెండూ కలిపి రుద్దకండి. జడలో మల్లెలు పెట్టుకున్న రోజు సెంటు వద్దు, రెండూ కొట్లాడుకుంటాయి, గెలిచేది మల్లెలే.

పట్టుచీర మీద మాత్రం కొట్టొద్దు. నా ధర్మవరం చీరకు, తేనెరంగు చీర, కొంగు దగ్గర అరచేయంత మరక ఇప్పటికీ ఉంది. ఇరవై ఏళ్ల కిందట మా తమ్ముడి పెళ్లికి తొందరలో చేసిన పని. కెమిస్ట్రీ లెక్చరర్నే మరి. సీసా దాచేది బీరువాలోనే, దాని అట్టపెట్టెతో సహా. వెలుతురు, వేడి తగిలితే ముందు ఆ నిమ్మ వాసన చచ్చిపోతుంది, తర్వాత మిగతాది నెయిల్‌పాలిష్ కంపు కొడుతుంది. బాత్రూము, కిటికీ గూడు అసలే వద్దు.

ఈసారి ఎవరైనా "ఏంటి విశేషం?" అంటే పాయసం అని చెప్పండి.

*

ప్రశ్న: మేడం గారూ, పెళ్లయి రెండేళ్లు. నా భార్య పుట్టినరోజుకు మంచి సెంటు కొందామని బెంగళూరులో ఒక షాపుకు పోయాను. అక్కడి అమ్మాయి "మీ మిసెస్ ఎలాంటి పర్సనాలిటీ?" అని అడిగింది. నెమ్మదస్తురాలు అన్నాను. "అయితే పూల వాసనలు" అని చానెల్ నంబర్ 5 చూపించింది. ధర విని బయటికొచ్చేశాను. నెమ్మదస్తులకు పూలు, ధైర్యవంతులకు కస్తూరి, ఊద్ (అగరు చెక్క వాసన) అనే లెక్క నిజమేనా?
— ఒక భర్త, అనంతపురం

జవాబు: నాయనా, ఆ అమ్మాయి అడిగింది సీసా అమ్మడానికి. మీరు జాతకం అడిగినట్టు వినుకున్నారు.

చానెల్ నంబర్ 5 సంగతే చూడండి. 1921లో వచ్చింది. కోకో చానెల్‌కు దాన్ని చేసిచ్చింది ఎర్నెస్ట్ బో. ఆయన పెట్టిన శాంపిళ్లలో అయిదో నంబరు ఆమెకు నచ్చింది, పేరూ అదే అయింది. అందులో గులాబీ, మల్లెజాతి పూలు బోలెడు. కానీ వాటి మీద ఆల్డిహైడ్లు అనే ల్యాబు సరుకును అప్పటిదాకా ఎవరూ పెద్దగా వేయనంత వేశారు. దాంతో ఏ పువ్వు వాసనా విడిగా రాదు. నా ముక్కుకైతే సబ్బుతో ఉతికి, ఇస్త్రీ పెట్టె దించిన వెంటనే తెల్లచీరలోంచి వచ్చే వేడి వాసన. పైగా ఆ చానెల్ నెమ్మదస్తురాలా? తల్లి పోయాక అనాథల మఠంలో పెరిగి, టోపీలు కుట్టి, పారిస్ ఫ్యాషన్‌నే తిప్పేసిన మనిషి. 1924లో సెంట్ల కంపెనీ పెట్టినప్పుడు సీసా మీద పేరు ఆమెది, వాటా పది శాతం. దాని కోసం మిగతా వాటా ఉన్న భాగస్వాములతో ఆమె ఏళ్లకేళ్లు పోట్లాడింది. ఆమె చేయించుకున్న సెంటును నెమ్మదస్తుల ఖాతాలో వేయడం ఏం లెక్క?

పువ్వులు మాత్రం సాధువులా? మల్లెలో ఇండోల్ అని ఒక పదార్థం ఉంది. మా ల్యాబులో ఆ సీసా మూత తీస్తే కలరా ఉండల కంపు, ఇంకాస్త దగ్గరికి పోతే మరుగుదొడ్డి. క్లాసులో పిల్లలు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్లు. అదే ఇండోల్ రవ్వంత ఉండబట్టే మల్లెపువ్వు మల్లెపువ్వులా ఉంది. రాత్రి జడలో పెట్టి పొద్దున తీసిన దండను వాసన చూడండి, తెలుస్తుంది. మదురై వైపు మల్లెల నుంచి తీసిన సారం విదేశీ సెంటు కంపెనీలకు పోతోంది. మీరు బెంగళూరులో చూసిన పూల సెంట్లలో కొన్నిట్లో మన పక్క రాష్ట్రపు మల్లె ఉండొచ్చు.

ఇంతకీ మీరు చేయాల్సింది. సాయంత్రం పూలబండి దగ్గర మీ ఆవిడ ఏం అడుగుతుందో ఒక వారం గమనించండి. మల్లెలా, కనకాంబరాలా? కనకాంబరానికి వాసన ఉండదు, రోజూ అదే అడిగే మనిషికి అసలు సెంటే ఇష్టం ఉండకపోవచ్చు. దవనం, మరువం కలిపిన దండ కోసం వెతుకుతుందా? అయితే ఆకు వాసన ఉన్న సెంట్లు చూడండి. సంపెంగ పెట్టుకుంటే తలనొప్పి అంటుందా? అయితే గాఢమైన పూల సెంటుకు డబ్బులు తగలేయొద్దు. ఇవన్నీ ఎందుకనుకుంటే ఆమెనే వెంటబెట్టుకుపోండి. సర్‌ప్రైజ్ పోతుందని బాధపడకండి, వాడని సీసా డ్రెస్సింగ్ టేబుల్ మీద ఏళ్ల తరబడి మిమ్మల్ని చూస్తూ ఉండటం కన్నా నయం. షాపులో కాగితం ముక్క మీద చూసి తేల్చుకోవద్దు, ఆమె చేతి మీద వేయించి, బయటికొచ్చి భోజనం చేసి, రెండు గంటలయ్యాక అడగండి. అప్పటికీ బాగుందంటే కొనండి. పెద్ద సీసా ఉన్నదానికి చాలాసార్లు చిన్న సీసా కూడా ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి.

ఒక్కటి మాత్రం అడగాలనిపిస్తోంది. నెమ్మదస్తురాలని మీరంటున్నారు సరే, ఆమెను ఎప్పుడైనా అడిగారా?

*

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్. కర్నూలులో ఒక బండి మీద పెద్ద పారిస్ కంపెనీ పేరున్న సెంటు, ఫస్ట్ కాపీ అని 350 రూపాయలకు కొన్నాను. ధైర్యంగా, హుందాగా కనిపిస్తామని దాని పేరు. మెడ మీద వేసుకుంటే రెండు రోజులకు దద్దుర్లు. ఇంటర్వ్యూలకు మంచి సెంటు ఉండాలంటారు, ఏం చేయను?
— ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: అమ్మాయీ, ముందు ఆ సీసా చెత్తబుట్టలో వెయ్యి. బట్టల మీద వాడుకుంటా, డబ్బులు దండగ కదా అనొద్దు. అందులో ఏం పోశారో నాకూ తెలియదు, నీకూ తెలియదు, బండాయనకూ తెలియదు. దద్దుర్లు నాలుగు రోజుల్లో తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించు. ఆ చోట ఎండ తగలనీయకు.

ఇంటర్వ్యూకు స్నానం, ఉతికిన చుడీదార్ చాలు. ఏసీ గదిలో తలుపులేసుకుని కూర్చునేవాళ్లకు నీ సెంటు గుర్తుండిపోతే అది మంచి గుర్తో కాదో మనం చెప్పలేం.

సెంటు సరదా తీరాలంటే, నమ్మకమైన అత్తరు కొట్టు చూసుకుని మిట్టీ అత్తరు చిన్న సీసా కొనుక్కో. చిన్నప్పుడు పెద్ద దర్గా ఉరుసులో మా నాన్న నాకు ఇప్పించిన మొదటి సెంటు అదే. అత్తరు సాయిబు సన్నటి పుల్లకు దూది చుట్టి, సీసాలో ముంచి, నా చెవి మడతలో పెట్టి "ఇప్పుడు చూడు పాపా, వాన" అన్నాడు. ఎండు మట్టి మీద తొలకరి చినుకులు పడ్డ వాసన! ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేస్తారు. కాల్చిన మట్టిని రాగి డేగిసాల్లో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. ఆల్కహాలు ఉండదు, దూరానికి కొట్టదు, నీ పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప తెలియదు. మరీ చవగ్గా వస్తే గంధం నూనెకు బదులు ఇంకేదో ఉంటుంది, అది గుర్తుపెట్టుకో.

దద్దుర్లు పూర్తిగా తగ్గాక, ముందు మోచేతి లోపలి మడతలో ఒక్క చుక్క పెట్టి రెండు రోజులు చూడు. ఏమీ కాకపోతే అప్పుడు చెవి మడతలో, దూదితో.